పాత కారు డోర్ లాక్ అరిగిందా? కీ మార్చాలా, లోపలి పలకలు మార్చాలా, మొత్తం సెట్టా?

కీ లోపలికి పెట్టి, వెంట్రుకవాసి వెనక్కి లాగి, కాస్త పైకెత్తి పట్టుకుని తిప్పితే గానీ తెరుచుకోని డోర్ చాలా పాత కార్లకు ఉంటుంది. రోజూ వాడేవాళ్ల చేయి దానికి అలవాటు పడిపోతుంది కాబట్టి అది పాడైందన్న సంగతే గుర్తుండదు. ఇంట్లో ఇంకెవరైనా కారు తీయాల్సి వచ్చినప్పుడు అసలు కథ బయటపడుతుంది. వాళ్లు తిరగడం లేదని బలంగా తిప్పుతారు, కీ లోతైన గాటు దగ్గర పుటుక్కున విరుగుతుంది, సగం ముక్క చేతిలో, సగం లాక్‌లో.

నా పాత కారుకు ఈ సమస్య వచ్చినప్పుడు డ్రైవర్ వైపు లాక్ కొత్తది వేయించేశాను. డోర్ చక్కగా తెరుచుకుంది కానీ డోర్‌కి ఒక కీ, ఇంజిన్‌కి ఒక కీ అయ్యాయి. విప్పిన పాత లాక్‌ని అక్కడే వదిలేసి వచ్చాను. కొన్ని నెలలకు ఇగ్నిషన్ కూడా అలాగే మొరాయించింది. అప్పుడు తీరిగ్గా చూస్తే లాక్ కంటే కీ ఎక్కువ అరిగిందని తేలింది. కంపెనీ కొలతలతో కొత్త కీ కోయిస్తే ఇగ్నిషన్ మామూలుగా తిరిగింది. నేను వదిలేసిన డోర్ లాక్ కూడా ఆ కీతో తిరిగి ఉండేదని నా నమ్మకం. అందుకే ఈ వ్యాసంలో ఏ లాక్ కొనాలి అన్నదాని కంటే ఏది అరిగింది అన్నదానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. అది తేలితే ఎంపిక దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

లోపల జరిగేది ఇదీ

ఎక్కువ కార్ల డోర్ లాక్‌లో వేఫర్లు అనే సన్నటి ఇత్తడి పలకలు ఉంటాయి. కీతో పాటు తిరిగే భాగాన్ని బ్యారెల్ అందాం, దాని చుట్టూ కదలకుండా ఉండేది గూడు. ప్రతి పలక మధ్యలో ఒక కన్నం ఉంటుంది, కీ దాని గుండా దూరుతుంది. స్ప్రింగ్ పలకను ఒక వైపు తోస్తుంది, కీ మీది గాటు దాన్ని రెండో వైపు ఎత్తుతుంది. సరైన కీ పెడితే పలకలన్నీ బ్యారెల్ అంచుతో సమానంగా నిలుస్తాయి, బ్యారెల్ తిరుగుతుంది. ఒక్క పలక కాస్త బయటికి పొడుచుకుని ఉన్నా అది గూడులోని గాడిలో ఇరుక్కుని తిరగనివ్వదు.

ఇక్కడ ఒక విషయం బాగా పట్టుకోవాలి. కీ అరిగితే గాటు కిందికి దిగుతుంది, కాబట్టి పలక తక్కువ ఎత్తు లేస్తుంది. పలక కన్నం అంచు అరిగినా పలక తక్కువ ఎత్తే లేస్తుంది. అంటే కీ అరుగుదల, పలక అరుగుదల ఒకే వైపు కూడుకుంటాయి. కీని వెంట్రుకవాసి వెనక్కి లాగితే లాక్ తిరగడానికి కారణం కూడా ఇదే. కీ కదిలినప్పుడు పలక గాటు వాలు మీదికి ఎక్కి, తక్కువైన ఆ కొంచెం ఎత్తును అందుకుంటుంది. మీ లాక్ ఇలా ప్రవర్తిస్తుంటే కొత్త కీ ఒక్కటే సమస్యలో సగభాగాన్ని తీసేస్తుంది. చాలాసార్లు ఆ సగం చాలు.

ఈ కొలతలు ఎంత చిన్నవంటే, చాలా కార్ల కీలలో ఒక గాటు లోతుకూ దాని పక్క లోతుకూ తేడా అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ఏళ్ల తరబడి జేబులో, చేతిలో, లాక్‌లో రాసుకున్న కీ అందులో సగం పోగొట్టుకున్నా లాక్‌కి అయోమయమే.

అన్ని కార్లూ ఒకటి కావు. జనరల్ మోటార్స్ 1935 నుంచి వాడిన లాక్‌లలో పలకలు నేరుగా గూడులో ఇరుక్కోవు. వాటి పక్కన ఒక చిన్న అడ్డకడ్డీ ఉంటుంది, పలకల గాట్లన్నీ ఒక వరుసలోకి వచ్చినప్పుడు అది లోపలికి జారుతుంది. అమెరికాలో అమ్మిన ఫోర్డ్ కార్లలో 1980ల మధ్య వరకు పలకలకు బదులు ఇంటి తాళాల్లో ఉండేలాంటి పిన్నులు ఉండేవి. లాక్ విప్పే ముందు మీది ఏ రకమో తెలుసుకోండి, పలకల కిట్ కొనేటప్పుడు అదే ముఖ్యం.

రెండు కీలు, రెండు డోర్లు

ఏది అరిగిందో తేల్చడానికి పనిముట్లు అవసరం లేదు. రోజూ వాడే కీ, ఎప్పుడూ డ్రాయర్‌లోనే ఉండే స్పేర్ కీ, డ్రైవర్ వైపు డోర్, పక్క సీటు వైపు డోర్, ఈ నాలుగూ చాలు. అయితే ముందు రెండు లాక్‌లనూ శుభ్రం చేయండి (ఎలాగో కింద ఉంది). వాడకుండా ఉన్న లాక్ అరగకపోయినా దుమ్ముతో బిగుసుకుని ఉంటుంది, శుభ్రం చేయకుండా పరీక్షిస్తే తప్పుడు జవాబు వస్తుంది.

స్పేర్ కీతో డ్రైవర్ డోర్ సాఫీగా తిరిగి, రోజువారీ కీతో తిరగకపోతే అరిగింది కీ. రోజువారీ కీ పక్క డోర్‌లో బాగా తిరిగి, డ్రైవర్ డోర్‌లో ఏ కీ పెట్టినా మొరాయిస్తే అరిగింది డ్రైవర్ వైపు లాక్. అరిగిన కీ అరగని లాక్‌లో కూడా ఇబ్బంది పెడుతుంది కాబట్టి ఈ తేడా స్పష్టంగానే తెలుస్తుంది. స్పేర్ కీ అసలైనది కాకుండా, ఎప్పుడో పాత కీకి నకలుగా చేయించినదైతే ఈ పరీక్షలో దాన్ని నమ్మకండి. రెండు కీలనూ వెలుతురుకు ఎదురుగా ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. కొత్త కీ పళ్ల అంచులు పదునుగా ఉంటాయి, అరిగినవి నదిలో రాళ్లలా గుండ్రంగా ఉంటాయి.

మరికొన్ని గుర్తులు. కీ సగం తిరిగాక కూడా బయటికి వచ్చేస్తుంటే పలకలో, బ్యారెలో బాగా అరిగాయని అర్థం. వేరే కారు కీతో కూడా తిరుగుతుంటే పలకలు బ్యారెల్ లోపలే ఇరుక్కుపోయి బయటికి పొడుచుకు రావడం లేదని అర్థం. కొత్త కీ పెట్టినా గాడిలో కిందికీ పైకీ ఊగుతుంటే బ్యారెల్ గాడే వెడల్పయింది. ఎన్నో లాక్‌లలో బ్యారెల్ జింక్ మిశ్రమంతో పోతపోసినది, అది ఇత్తడి కంటే మెత్తగా అరుగుతుంది. అలాంటప్పుడు పలకలు మార్చినా లాభం లేదు.

కీ హాయిగా తిరుగుతుంది కానీ డోర్ తెరుచుకోవడం లేదా? అది లాక్ అరుగుదల కానే కాదు. లాక్ వెనక ఉన్న చిన్న లీవరో, దాని నుంచి ల్యాచ్‌కి (డోర్‌ను మూసి పట్టి ఉంచే కొక్కేనికి) వెళ్లే రాడ్డో, ఆ రాడ్డును పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పో పోయి ఉంటుంది. లోపలి నుంచి నాబ్ నొక్కినా, లాగినా మామూలుగా పనిచేస్తుంటే ల్యాచ్ బాగానే ఉన్నట్టు. లోపలి నుంచి కూడా మొరాయిస్తుంటే ల్యాచ్ వైపు చూడాలి. ఎండకు ఎండి పెళుసైన చిన్న ప్లాస్టిక్ క్లిప్పు విరిగితే మొత్తం లాక్ మార్చేవాళ్లను చూశాను, చాలా బాధ అనిపిస్తుంది.

అందరూ మొదట చేయాల్సింది: శుభ్రం చేయడం

దీన్ని ఒక ఎంపికగా లెక్కపెట్టను, అన్ని ఎంపికలకూ ఇది మొదటి మెట్టు. లాక్ కన్నంలోకి స్ప్రే కొట్టే ముందు కింద పెయింట్ మీద గుడ్డ పట్టుకోండి. స్ప్రే కొట్టి, కీ లోపలికీ బయటికీ పదిసార్లు ఆడించి, ప్రతిసారీ తుడవండి. మొదట నల్లటి జిడ్డు వస్తుంది, కీ శుభ్రంగా బయటికి వచ్చేదాకా అలాగే చేయండి.

దేనితో కడగాలి, తర్వాత ఏం వేయాలి అన్నవి రెండు వేరు ప్రశ్నలు, వీటిని కలిపేయడం వల్లే లాక్‌లు పాడవుతాయి. డబ్ల్యూడీ-40 కడగడానికి మంచిదే. 1953లో తయారైన ఆ ద్రవం పేరుకు అర్థమే నీటిని తరిమే 40వ ప్రయత్నం అని. పాత జిడ్డును అది బాగా కరిగిస్తుంది కానీ లాక్‌లో ఎక్కువ కాలం నిలిచి నునుపునిచ్చేది కాదు. కడిగాక లాక్‌ని ఆరనిచ్చి, పొడిగా ఉండే టెఫ్లాన్ స్ప్రే గానీ గ్రాఫైట్ పొడి గానీ వేయండి. రెండిట్లో ఏదో ఒకటే. గ్రాఫైట్ వేసిన లాక్‌లో నూనె పోస్తే అది నల్లటి ముద్దగా మారి పలకలను అంటించేస్తుంది. కీ దూరే గాడిలో గ్రీజు అసలు వద్దు, అది దుమ్మును పట్టుకుంటుంది. గ్రీజు చోటు వెనక లీవరూ ల్యాచూ.

లాక్ ముఖం మీద చిన్న రెక్క ఉంటుంది, కీ తీయగానే మూసుకునేది. అది విరిగో వంగో ఉంటే వాన నీళ్లు, దుమ్ము నేరుగా లోపలికి పోతాయి. దాన్ని అలాగే వదిలేసి లోపల ఎంత బాగు చేసినా కొంతకాలమే.

కోడ్ ప్రకారం కొత్త కీ

నా మొదటి ఓటు దీనికే. మామూలుగా డూప్లికేట్ చేసే మెషీన్ మీరిచ్చిన కీని తడుముతూ అదే ఆకారాన్ని కొత్త ముక్క మీద కోస్తుంది. కీ అరిగి ఉంటే ఆ అరుగుదలను కూడా నమ్మకంగా నకలు చేస్తుంది, పైగా తన వంతు చిన్న తేడా కలుపుతుంది. నకలుకు నకలు, దానికి మళ్లీ నకలు చేయించుకుంటూ పోతే నాలుగో కీ ఏ లాక్‌కీ పూర్తిగా చెందదు. కోడ్ ప్రకారం కోసే పద్ధతి వేరు. కారు తయారైనప్పుడు ఒక్కో గాటు ఎంత లోతని నిర్ణయించారో ఆ లెక్క ప్రకారం కోస్తారు, పాత కీని ముట్టుకోరు.

కోడ్ ఎక్కడ దొరుకుతుంది? కారు కొన్నప్పుడు కీలతో వచ్చిన చిన్న లోహపు బిళ్ల మీద, అసలు కీ తల మీద, కొన్ని కార్లలో డోర్ లాక్ ఒంటి మీద లేదా గ్లవ్ బాక్స్ లాక్ మీద చెక్కి ఉంటుంది. కారు కాగితాలు చూపిస్తే కంపెనీ డీలర్ ఛాసిస్ నంబర్ ఆధారంగా చెప్పగలిగే సందర్భాలూ ఉంటాయి. ఎక్కడా దొరకకపోయినా దారి ఉంది. అనుభవమున్న తాళాల పనివాడు పాత కీ గాట్లను కొలిచి, ఒక్కోదాన్ని దగ్గర్లోని అసలు లోతుకు సరిచేసి కోయగలడు. అంతకంటే నమ్మకమైన పద్ధతి, తక్కువ వాడిన లాక్‌ని విప్పి పలకల మీద ముద్రించిన నంబర్లు వరుసగా చదవడం. ఆ నంబర్లే లోతులు.

కీ చేసేచోటికి వెళ్లినప్పుడు ఒక్క మాట అడగండి: "కోడ్ ప్రకారం కోస్తారా, లేక కీ చూసి కాపీ చేస్తారా?" జవాబు రెండోదైతే మరో చోటు వెతుక్కోండి.

దీనికి పరిమితులూ ఉన్నాయి. ఇంతకుముందు ఎవరైనా అరిగిన కీకి సరిపోయేలా లోపలి పలకలను ఆకురాయితో రాసి ఉంటే, కోడ్ కీ ఆ లాక్‌లో తిరగదు. అప్పుడు తప్పు కీది కాదు, పలకలు మార్చాలి. ఇంకొకటి చిప్ సంగతి. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు, సరైన కీ లేకుండా ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయింది, ఆ కాలం తర్వాతి కార్లలో ఎన్నింటికో కీ తలలో చిప్ ఉంటుంది. చిప్ లేని కీ డోర్ తెరుస్తుంది కానీ ఇంజిన్ స్టార్ట్ కాదు. డోర్ కోసమే స్పేర్ కావాలంటే చిప్ లేని మామూలు కీ చాలు.

మీ కారు బాగా పాతదైతే ఖాళీ కీలు దొరికినప్పుడే రెండు మూడు కొని ఉంచుకోండి. గాడి ఆకారం కలిసిన ఖాళీ కీ దొరకని రోజు వస్తే లాక్ ఎంత బాగున్నా ఉపయోగం ఉండదు.

పలకలు మార్చి పాత లాక్‌నే బాగు చేయడం

కొత్త కీ పెట్టినా డ్రైవర్ వైపు మొరాయిస్తుంటే అప్పుడు లాక్ విప్పాలి. ఓపిక ఉన్నవాళ్లకు ఈ పని చాలా తృప్తినిస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చిన దారి పక్క డోర్ లాక్‌లోని పలకలను డ్రైవర్ వైపుకు మార్చడం. ఆ డోర్‌ను చాలామంది కీతో తెరవనే తెరవరు కాబట్టి దాని పలకలు కొత్తవాటిలా ఉంటాయి. రెండూ ఒకే కీకి తెరుచుకునేవి కాబట్టి ఏ స్థానంలో ఏ నంబర్ పలక అనే లెక్క కూడా అక్కర్లేదు. మొదటిది మొదటి స్థానంలోకి, రెండోది రెండో స్థానంలోకి, అంతే. అరిగిన పలకలు పక్క డోర్‌లోకి పోతాయి, అక్కడ వాటికి పని తక్కువ.

మొత్తం లాక్‌నే ఇటుదటు మార్చేయొచ్చు కదా అనిపించవచ్చు. చాలా కార్లలో ఎడమ, కుడి లాక్‌ల వెనక లీవర్లు అద్దంలో బొమ్మలా తిరగేసి ఉంటాయి, అందుకని కుదరదు. పక్క డోర్‌కి కీ కన్నమే లేని కార్లలో, అదే కీతో తెరుచుకునే డిక్కీ లాక్‌ని చూడవచ్చు, లేదా మీ మోడల్‌కి సరిపోయే పలకల కిట్ తెప్పించుకోవచ్చు. కిట్‌లో ఒక్కో నంబర్‌వి కొన్ని పలకలు, స్ప్రింగులు ఉంటాయి.

విప్పే పని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది ఇబ్బంది పడతారు. ముందు అద్దం పూర్తిగా పైకి ఎక్కించండి. డోర్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే బ్యాటరీ తీసి, ఆ కారు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే డోర్‌ని ముట్టుకోండి. చేతి ఆనుడు స్క్రూలు, అద్దం తిప్పే హ్యాండిల్ క్లిప్పు, లోపలి హ్యాండిల్ చుట్టూ ఉన్న తొడుగు తీస్తే డోర్ ప్యాడ్ వదులవుతుంది, అంచుల వెంట ప్లాస్టిక్ క్లిప్పులు ఒక్కొక్కటిగా ఊడతాయి. పాతవి కొన్ని విరగడం ఖాయం, కొత్తవి దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. లోపల ప్లాస్టిక్ షీట్ అతికించి ఉంటుంది, దాన్ని చింపకుండా నెమ్మదిగా లాగండి. అది సరిగ్గా తిరిగి అతకకపోతే వాన నీళ్లు కారు లోపలికి వస్తాయి. డోర్ రేకు అంచులు కత్తుల్లా ఉంటాయి, గ్లవ్స్ లేకుండా చేయి పెట్టవద్దు. చాలా కార్లలో లాక్‌ని వెనక నుంచి గుర్రపు నాడా ఆకారంలో ఉన్న ఒక రేకు క్లిప్పు పట్టి ఉంచుతుంది. దాన్ని పక్కకు జరిపి, రాడ్డును క్లిప్పు నుంచి విడదీస్తే లాక్ చేతికి వస్తుంది. డోర్ తెరిచే ఉంది కాబట్టి అడుగున నీళ్లు పోయే కన్నాలు మట్టితో మూసుకుపోయాయేమో కూడా అప్పుడే చూసేయండి.

ఇక లాక్. కీ లోపల పెట్టకుండా బ్యారెల్ బయటికి లాగవద్దు. కీ లేకుండా లాగితే పలకలు, వాటి కింద ఆవగింజంత స్ప్రింగులు చెల్లాచెదురవుతాయి. ఇత్తడి పలకలు అయస్కాంతానికి అంటుకోవు, నేల మీద పడితే కళ్లతోనే వెతకాలి. అందుకే పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి పని చేయడం మంచిది. బ్యారెల్ తీశాక, కీ ఉండగానే దాని ఒంటి మీద వేలు రాయండి. ఏ పలక పొడుచుకొచ్చిందో, ఏది లోపలికి దిగిపోయిందో వేలికే తెలుస్తుంది. ఒక ఫోటో తీసుకుని, పలకలను తీసిన వరుసలోనే కాగితం మీద పేర్చండి. కొత్తవి వేశాక కోడ్ కీ పెట్టి మళ్లీ తడమండి. అన్నీ నున్నగా సమానంగా ఉంటే పని అయిపోయినట్టే. ఈ తుది పరీక్ష మీ పాత కీతో చేయవద్దు. అలా చేస్తే కొత్త పలకలను అరిగిన కీకి సరిపెట్టినట్టు అవుతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

కొన్ని లాక్‌ల ముఖానికి సన్నటి రేకు మూత నొక్కి బిగించి ఉంటుంది. తీస్తే అది వంగిపోతుంది. అలాంటి లాక్ అయితే కొత్త మూత దొరుకుతుందని తేల్చుకున్నాకే చేయి పెట్టండి.

పొడుచుకొచ్చిన పలకను ఆకురాయితో రాసి సమానం చేయడం ఒక పాత చిట్కా. లాక్ తిరుగుతుంది. కానీ ఆ పలక ఇక ఏ లోతుకూ చెందదు, తర్వాత కోడ్ కీ ఆ లాక్‌లో తిరగకపోవచ్చు. ఇబ్బంది పెట్టే ఒకటి రెండు పలకలను పూర్తిగా తీసేయడం రెండో చిట్కా. ఏడెనిమిది పలకల్లో ఒకటి లేకపోతే లాక్ కొంప మునగదు, దూర ప్రయాణంలో దారి మధ్యలో అయితే నేనూ ఒప్పుకుంటాను. శాశ్వతంగా మాత్రం వద్దు. పలకలు తగ్గేకొద్దీ వేరే కీలు సరిపోయే అవకాశం పెరుగుతుంది. పనివాడు "రెండు తీసేస్తే సరిపోద్ది" అంటే, తీయకుండా కొత్తవి వేయమని అడిగే హక్కు మీకుంది.

స్వయంగా చేయలేమనుకుంటే లాక్ వరకు విప్పి చేతిలో పట్టుకుని తాళాల పనివాడి దగ్గరికి వెళ్లండి. అతని పని తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. మామూలు మెకానిక్‌లు ఎక్కువగా లాక్ మార్చడానికే మొగ్గు చూపుతారు, విప్పి బాగు చేయడం తాళాలు తెలిసినవాళ్ల పని.

కొత్త లాక్: ఒక్కటా, సెట్టా?

ఒక్క డోర్‌కి మాత్రం దాని సొంత కీతో వచ్చే కొత్త లాక్ వేయడం అన్నిటికంటే సులువైన పని. నా అనుభవంలో అన్నిటికంటే అసౌకర్యమైనదీ అదే. తొందరలో, చీకట్లో, ఎప్పుడూ తప్పు కీయే ముందు చేతికి వస్తుంది. బ్యారెల్ గాడి వెడల్పయి కొత్త లాక్ తప్పదనుకున్నప్పుడు కూడా ఇంతకంటే మంచి దారి ఉంది. పలకలు అమర్చని ఖాళీ సిలిండర్ (బ్యారెల్, గూడు కలిసిన లాక్ భాగం) దొరికితే తెచ్చి, మీ పాత కోడ్‌కి సరిపోయే పలకలు వేయించండి. ఖాళీది దొరక్కపోతే కొత్త లాక్‌లోని పలకలు తీసి మీ వరుసలో పెట్టించవచ్చు, గాడి ఆకారం మీ కీకి కలిస్తే చాలు. లాక్ కొత్తది, కీ పాతదే.

మొత్తం సెట్ అంటే ఇగ్నిషన్, డోర్లు, డిక్కీ అన్నీ ఒకే కొత్త కీకి. ఇది అరుగుదలకు మందు అనడం కంటే భద్రతకు మందు అనాలి. కీలు పోయినా, దొంగతనం జరిగినా, చేతులు మారి వచ్చిన కారుకు ఎన్ని కీలు ఎవరి దగ్గర ఉన్నాయో తెలియకపోయినా సెట్ మార్చడం సరైన నిర్ణయం. ఇగ్నిషన్, రెండు డోర్లు మూడూ బాగా అరిగి ఉన్నా సరే. కేవలం డ్రైవర్ డోర్ బిగుసుకుంటోందని సెట్ మార్చడం మాత్రం పెద్ద పని. ఇగ్నిషన్ తీయాలంటే కొన్ని కార్లలో స్టీరింగ్ కాలమ్ దగ్గర తల తెగిపోయేలా చేసిన బోల్టులు ఉంటాయి, వాటిని డ్రిల్ చేయాల్సి వస్తుంది. చిప్ కీ ఉన్న కారైతే పాత చిప్‌ను కొత్త కీ తలలోకి మార్చడమో, కొత్తది ప్రోగ్రామ్ చేయించడమో అదనం.

కారు కంపెనీవి కాని సెట్ల నాణ్యతలో చాలా తేడా ఉంటుంది. బిగించే ముందు టేబుల్ మీదే పరీక్షించండి. ప్రతి కీని ప్రతి లాక్‌లో ఇరవై సార్లు తిప్పండి. వెనక లీవర్ పొడవు, వంపు, కన్నం పాతదానితో పక్కపక్కన పెట్టి పోల్చండి. ముఖం మీది రెక్క స్ప్రింగ్ చురుగ్గా మూసుకుంటుందా చూడండి. బిగించి, డోర్ ప్యాడ్ మూసేశాక తేడా తెలిస్తే మళ్లీ అంతా విప్పాలి.

తుక్కు కార్ల నుంచి తీసిన లాక్‌ని పూర్తి లాక్‌గా నేను సలహా ఇవ్వను. అది కూడా మీ దానంత వయసున్నదే, దాని కీ కూడా వేరే. విడిభాగాల కోసం అయితే అంతకంటే మంచి చోటు లేదు. గూడు, వెనక లీవర్, రెక్క, గుర్రపు నాడా క్లిప్పు, స్ప్రింగులు, పలకలు, అన్నీ దొరుకుతాయి. అక్కడ డ్రైవర్ వైపు లాక్ కాకుండా పక్క సీటు వైపుదో, డిక్కీదో తీసుకోండి. కారు ఎంత పాతదైనా ఆ లాక్‌లు తక్కువ అరిగి ఉంటాయి.

రిమోట్ పెట్టించుకుంటే కీతో పనేముంది?

చాలామంది చేసేది ఇదే. బయట దొరికే సెంట్రల్ లాకింగ్ కిట్ వేయించి, మొరాయించే కీ కన్నాన్ని మర్చిపోతారు. రోజువారీ సౌకర్యానికి ఇది నిజంగా బాగుంటుంది, లాక్ అరుగుదల కూడా ఆగిపోతుంది. దాన్ని నేను వద్దనను. కానీ బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన రోజు ఏం జరుగుతుందో ఆలోచించండి. రిమోట్ పనిచేయదు. బ్యాటరీ ఉన్నది బానెట్ కింద. బానెట్ తెరిచే లీవర్ కారు లోపల. డోర్ తెరవాలంటే కీ కావాలి, ఆ కీ తిరగదు. అప్పుడు అద్దం సందులోంచి తీగ దూర్చడమో, అద్దం పగలగొట్టడమో మిగులుతుంది. రిమోట్ ఉన్నా కనీసం ఒక్క డోర్ కీతో సాఫీగా తెరుచుకునేలా ఉంచండి. నెలకోసారి ఆ కీతో తెరిచి మూయండి, వాడని లాక్ కూడా బిగుసుకుంటుంది.

నేనైతే ఏం చేస్తాను

రోజూ తిరిగే కారు, ఇంకా కొన్నేళ్లు ఉంచుకోవాలనుకుంటే: శుభ్రం చేయడం, కోడ్ కీ, అప్పటికీ మొరాయిస్తే పక్క డోర్ పలకలు. ఈ మూడింటితో కుదరని లాక్‌లు తక్కువే ఉంటాయి. కారును త్వరలో అమ్మేయబోతుంటే కోడ్ కీ దగ్గరే ఆగిపోండి. కొనేవాళ్ల చేతికి ఒకే కీతో అన్నీ తెరుచుకునే కారు ఇవ్వడం రెండు కీల గుత్తి ఇవ్వడం కంటే ఎంతో నయం. కారు అరుదైనది, విడిభాగాలు దొరకనిది అయితే అసలు లాక్‌లను దేన్నీ పారేయకండి, తిరగని బ్యారెల్‌ని కూడా. దానిలోని ఒక్కో పలక, ఒక్కో స్ప్రింగ్ ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తాయి. కీ ఊగుతూ బ్యారెల్ గాడి వెడల్పయిన కారుకు, పాత కోడ్‌కి సరిచేయించిన కొత్త సిలిండర్. కీలు ఎవరి దగ్గరున్నాయో తెలియని కారుకు మొత్తం సెట్, ఇందులో ఆలోచించాల్సింది లేదు.

ఒక విషయంలో మాత్రం ఏ కారుకైనా ఆలస్యం వద్దు. డోర్‌లో కనిపించిన మొరాయింపు ఇగ్నిషన్‌లో కూడా మొదలైతే ఆ వారమే కోడ్ కీ కోయించండి. డోర్ ఒకటి తెరుచుకోకపోతే ఇంకో డోర్ ఉంటుంది. ఇగ్నిషన్‌లో కీ విరిగితే కారు అక్కడే ఆగిపోతుంది.

కోడ్ కీ కోయించినప్పుడు ఒకటి కాదు, రెండు కోయించండి. ఒకటి వాడుకకు. రెండోదాన్ని ఒక్కసారి అన్ని లాక్‌లలో తిప్పి చూసి, కోడ్ నంబర్ రాసిన కాగితంతో పాటు ఇంట్లో దాచేయండి, కారులో మాత్రం వద్దు. ఇకమీదట ఏ డూప్లికేట్ కావాలన్నా జేబులోని కీ ఇవ్వకుండా, దాచిన ఆ కీనో, ఆ నంబర్‌నో ఇచ్చి చేయించండి.